మూడో సీన్ చెమట

ఎండదెబ్బ గురించి నాకు తెలిసినంత మా ఫిల్మ్‌నగర్‌లో ఇంకెవరికీ తెలియదని నాకు ఒక గర్వం ఉండేది. ఎవరైనా మాటవరసకు "ఏం ఎండలండీ బాబూ" అంటే చాలు, కూర్చోబెట్టి పాఠం చెప్పేదాన్ని. దాహం వేసేదాకా ఆగకూడదని, మజ్జిగలో ఉప్పు వేసుకు తాగాలని, ఒళ్ళు కాలుతున్నా చెమట పట్టడం లేదంటే అది చాలా ప్రమాదమని. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నన్ను చూడగానే ఏదో పనున్నట్టు లిఫ్ట్ వెనక్కి తప్పుకునేవాడు. ఇప్పుడు ఎవరైనా ఎండల మాట ఎత్తితే నేనే తప్పుకుంటున్నాను.

నేను డబ్బింగ్ మాటలు రాస్తాను. వేరే భాషలో తీసిన సినిమాలో పాత్ర పెదాలు ఎలా కదిలాయో చూసి, ఆ కదలికకు అతికేలా తెలుగు మాట కూర్చడం నా పని. అప్పుడప్పుడూ గొంతు కూడా ఇస్తాను, ముఖ్యంగా అమ్మలకీ అత్తలకీ. ఈ పనిలో ఏళ్ళ తరబడి ఉంటే ఒక జబ్బు అంటుకుంటుంది. ఎదురుగా మనిషి మాట్లాడుతుంటే మనిషిని చూడం, పెదాలు చూస్తాం. మా ఇంట్లోవాళ్ళు ఈ విషయంలో నన్ను చాలాసార్లు వేళాకోళం చేశారు. నేనూ నవ్వేశాను.

కొన్నాళ్ళ కిందట ఒక సంస్థవాళ్ళు నన్ను పిలిచారు. వాతావరణం మారి ఎండలు ముదిరిపోతున్న దేశాల్లో, జనం ఆరోగ్యం కాపాడటానికి అక్కడి ప్రభుత్వాలకు సాయపడే సంస్థ. జూబ్లీహిల్స్‌లో వాళ్ళ ఆఫీసు. లోపల ఏసీ ఎంత పెట్టేవారంటే మీటింగ్‌కి నేను శాలువా తీసుకెళ్ళేదాన్ని. ఎండ నుంచి ఎలా కాపాడుకోవాలో చూపించే చిన్న సినిమా ఒకటి తీస్తామని, ఏ దేశానికి పంపితే ఆ దేశపు భాషలో డబ్బింగ్ చెప్పిస్తామని, అసలుది మాత్రం హైదరాబాద్‌లోనే తీస్తామని చెప్పారు. ఇక్కడైతే ఆర్టిస్టులు దొరుకుతారు, యూనిట్ దొరుకుతుంది, ఎండ సంగతి చెప్పనే అక్కర్లేదు.

స్క్రిప్టు నన్ను రాయమన్నారు. జీవితమంతా ఎవరో రాసిన మాటలకు తెలుగు తొడుగుతూ వచ్చినదాన్ని. మొదటిసారి నా మాటలకు ఇంకొకరు వాళ్ళ భాష తొడుగుతారు. ఎక్కడో పేరు కూడా తెలియని ఊళ్ళో ఒక మనిషి నా వాక్యం విని నీడకు వెళ్తాడనుకుంటే గుండె నిండిపోయేది. నిజంగానే నిండిపోయేది. ఇప్పుడు ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

కథ చిన్నది. రోడ్డు పక్కన బండి మీద కూరగాయలు అమ్ముకునే ఒక పెద్దావిడ. మొత్తం ఐదు సీన్లు. మొదటిదాంట్లో పొద్దున్నే బండి సర్దుకుంటుంది. రెండోదాంట్లో ఎండెక్కుతుంది. మూడోదాంట్లో చెమటలు కారిపోతుంటే తల తిరుగుతోందంటుంది. నాలుగోదాంట్లో పక్క కొట్టాయన నీడకు రమ్మంటే బేరం పోతుందని రానంటుంది. ఐదోదాంట్లో చెమట ఆగిపోతుంది, మాట తడబడుతుంది, పడిపోతుంది. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు ఏం చేయాలో చూపిస్తాం. చెమట ఆగిపోవడం అనే గుర్తు గురించి డాక్టర్లను విసిగించేశాను. అందరికీ ఆగదట. కొందరికి, ముఖ్యంగా వయసు మీద పడ్డవాళ్ళకు ఆగుతుందట. ఆగిందంటే మాత్రం ఇక ఆలస్యం చేయకూడదట. ఆ ఒక్క వాక్యం ఎన్నిసార్లు తిరగరాశానో లెక్క లేదు. చివరికి నాకు నచ్చేలా కుదిరింది.

ఆ వేషానికి మనిషిని చెప్పింది కూడా నేనే. ఆవిడని ఫీల్డులో అందరూ పిన్నిగారు అంటారు. కోస్తా వైపు నాటకాల్లో పేరు తెచ్చుకుని, సినిమాల కోసం ఇక్కడికొచ్చి, చివరికి సీరియళ్ళలో బామ్మగా, పక్కింటి అత్తగా స్థిరపడ్డారు. వెంగళరావు నగర్‌లో కూతురి దగ్గర ఉంటారు. గొంతంటే ఆవిడదే. గుసగుసగా చెప్పినా హాల్లో చివరి వరసవాడికి వినిపించే గొంతు. ఈ మధ్య వేషాలు తగ్గిపోయాయి. మొహం ముడతలు పడితే పడింది, గొంతుకేమైంది, పిలవరేం వీళ్ళు అని నా దగ్గర కోప్పడుతుండేవారు. ఫోన్ చేసి సంగతి చెప్పగానే, "అయితే అన్ని దేశాల వాళ్ళూ చూస్తారా అమ్మాయ్ నన్ను?" అన్నారు. ఆ అడగడంలో ఎంత సంతోషమో.

షూటింగ్ మే నెలలో. ఫిల్మ్‌నగర్ నుంచి షేక్‌పేట వైపు దిగే దారిలో ఒక మలుపు. చెట్టన్నది లేని చోటు కావాలని డైరెక్టర్ వెతికి మరీ పట్టుకున్నాడు. కుర్రవాడే, కానీ పని తెలిసినవాడు. అక్కడి నుంచి మా ఇల్లు నడిచి వెళ్ళేంత దూరం.

పొద్దున్న మేకప్ అయ్యాక పిన్నిగారు నన్ను పక్కకు పిలిచి, "బాత్రూమ్ ఎక్కడుందమ్మాయ్ ఇక్కడ?" అని మెల్లగా అడిగారు. బాత్రూమ్ ఉండే కారవాన్ లేదు, యూనిట్‌ని తెచ్చిన మామూలు వ్యానే ఉంది. ఇలాంటి చిన్న సినిమాకి కారవాన్ ఎవరిస్తారు. "మేనేజర్‌ని కనుక్కుని చెప్తాను పిన్నిగారూ," అన్నాను. అప్పుడు నా హ్యాండ్‌బ్యాగులో మా ఇంటి తాళాలున్నాయి. ఆ ఆలోచనే రాలేదు. ఈలోగా డైరెక్టర్ స్క్రిప్టులో ఏదో మాట మార్చాలని పిలిచాడు. వెళ్ళాను. మేనేజర్‌ని కనుక్కోలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు.

ఔట్‌డోర్‌కి వెళ్ళే ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతి ఇది. బాత్రూమ్ లేదని తెలిస్తే నీళ్ళు మానేస్తారు. ఎవరూ నేర్పరు, ఎవరూ పైకి అనరు. పెద్ద హీరోయిన్లకు తప్ప మిగతా అందరికీ అదే అలవాటు. నేనూ ఎన్నోసార్లు అలా ఎండిపోయి ఇంటికొచ్చినదాన్నే. ఇంత తెలిసినదాన్ని, ఆ రోజు పొద్దున్నే నీళ్ళ సీసాల పెట్టెలు తెప్పించి, "ఎండ మీద సినిమా తీస్తూ మనవాళ్ళకే నీళ్ళు లేవంటే పరువు పోతుంది," అని పెద్ద కబుర్లు చెప్పాను. తలా ఒక సీసా నా చేత్తోనే ఇచ్చాను. పిన్నిగారికీ ఇచ్చాను. ఆవిడ తీసుకుని, నవ్వి, బండి కింద పెట్టుకున్నారు. నేను చల్లగా ముందుకెళ్ళిపోయాను.

మొదటి రెండు సీన్లూ ఎండ ముదరకముందే అయిపోయాయి. ఆ రోజుకి మూడో సీన్ కూడా తీసేసి, నాలుగూ ఐదూ మర్నాడు పెట్టుకోవాలని అనుకున్నాం. మూడో సీన్‌లో దూరం నుంచి తీసే షాట్ బాగా వచ్చింది. ఆవిడ మెడ మీంచి చెమట నిజంగానే ధారలుగా కారుతోంది. ఆ తర్వాత దగ్గర షాట్‌కి లెన్స్ మార్చాలి, వెలుతురు చూసుకోవాలి, ఏదో వైరు పాడైంది, ఆలస్యమైపోయింది. "కాసేపు వచ్చి వ్యాన్‌లో కూర్చోండి," అని డైరెక్టర్ అంటే ఆవిడ రానన్నారు. "లేస్తే చీర మడతలు మారిపోతాయి బాబూ. ఇందాకటి షాట్‌కి అతకదు," అన్నారు. పాతకాలం ఆర్టిస్టుల క్రమశిక్షణ అది. నేను మెచ్చుకున్నాను కూడా. ఈ కాలం పిల్లలు చూసి నేర్చుకోవాలి అన్నట్టు ఏదో అన్నాను.

దగ్గర షాట్‌కి అంతా సిద్ధమయ్యాక మానిటర్‌లో చూస్తే ఆవిడ మొహం ఎర్రగా, పొడిగా ఉంది. నాకు వెంటనే కనిపించింది. ఇందాకటి షాట్‌లో చెమట ఉంది, ఇప్పుడు లేదు. కంటిన్యుటీ పోతుంది. మేకప్ ఆయన్ని పిలిచి, "మొహం డ్రైగా ఉంది, చెమట కొట్టండి," అన్నాను. సినిమాల్లో చెమట అంటే నీళ్ళలో గ్లిజరిన్ కలిపి స్ప్రే బాటిల్‌తో కొడతారు.

మేకప్ ఆయనది షేక్‌పేటే. పిన్నిగారికి ఎన్నో ఏళ్ళుగా మేకప్ చేస్తున్న మనిషి. ఆవిడ దగ్గరికి వెళ్ళి, బాటిల్ చేతిలో పెట్టుకునే వెనక్కి వచ్చాడు.

"అమ్మా, ఆమెకు చెమటనే పడ్తలేదు. మొఖం చూస్తే నాకు మంచిగనిపిస్తలేదు. జర ఆపుదమా?"

"పట్టట్లేదనే కదండీ కొట్టమంటున్నాను," అన్నాను. విసుక్కుంటూనే అన్నాను.

అతను ఒక క్షణం నన్ను చూసి, వెళ్ళి కొట్టాడు. నుదుటి మీద, చెంపల మీద, పై పెదవి మీద. బొట్లు అందంగా నిలబడ్డాయి. మానిటర్‌లో చూసి సరే అన్నాను.

ఆ గుర్తు నేను రాసిందే. తిరగరాసి, తిరగరాసి, నచ్చేలా కుదుర్చుకున్న వాక్యం. కానీ అది ఐదో సీన్‌ది, మేం తీస్తున్నది మూడో సీన్. ఐదో సీన్ రేపు. మూడో సీన్‌లో చెమట ఉండాలి కాబట్టి చెమట పెట్టించాను. ఇంతకంటే సమర్థించుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. ఎన్ని రకాలుగా ఆలోచించినా చివరికి ఇదే తేలుతుంది.

షాట్ మొదలైంది. ఆవిడ చెప్పాల్సిన మాట, "ఏం లేదమ్మా, కాస్త తల తిరుగుతోంది." ఆవిడ కెమెరా వైపు కాక ఎటో చూస్తూ, "రథం ఇంకా రాలేదా? చీకటి పడుతోంది," అన్నారు. నడినెత్తిన ఎండ. అది ఎప్పుడో వయసులో వేసిన ఏ నాటకంలోదో అయ్యుంటుంది. డైరెక్టర్ ఆగొద్దని చెయ్యి ఊపాడు. మొహంలో ఏదో బాగా వస్తోందని అతనికి అనిపించింది. నేను ఆవిడ పెదాలు చూశాను. మాట తప్పారు, ఫరవాలేదు, డబ్బింగ్‌లో సరిచేసుకోవచ్చు అనుకున్నాను. అదీ నా బుర్రలోకి వచ్చిన మొదటి ఆలోచన.

ఆవిడ పక్కకి ఒరిగి టమాటాల మీద పడ్డారు. అందరికంటే ముందు పరుగెత్తింది మేకప్ ఆయన. పట్టుకుని, "ఒళ్ళు కాలిపోతుంది అమ్మా," అన్నాడు.

అప్పుడు మాత్రం నాకు అన్నీ గుర్తొచ్చాయి. రాసినదాన్ని కదా. వెలుతురుకి అడ్డం పెట్టే ఆ నల్లగుడ్డ తెచ్చి నీడ పట్టండి, చీర వదులు చేయండి, సీసాల మూతలన్నీ తీసి ఒంటి మీద పోయండి, మెడ దగ్గరా చంకల్లో తడిగుడ్డ పెట్టండి, స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి, అంబులెన్స్‌కి ఎవరు ఫోన్ చేస్తున్నారు అని వరసగా అరిచాను. వెలుతురు కోసం తెచ్చిన థర్మోకోల్ షీట్లతో నలుగురు విసిరారు. బండి పక్కకి లాగినప్పుడు దాని కింద ఆవిడ నీళ్ళ సీసా కనిపించింది. మూత తీయలేదు. దాన్నీ తీసి ఆవిడ మీదే పోశాను.

ఆసుపత్రిలో డాక్టర్ అన్నాడు, అంబులెన్స్ వచ్చేలోగా చల్లబరచబట్టి ప్రాణం దక్కిందని. పిన్నిగారి కూతురు నా రెండు చేతులూ పట్టుకుని, "మీరు లేకపోతే మా అమ్మ ఉండేది కాదండీ," అని ఏడ్చింది. "అయ్యో, అలా అనకండి," అన్నాను. అందరూ దాన్ని నా వినయం అనుకున్నారు. మేకప్ ఆయన కారిడార్‌లో గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. నేను అతని వైపు చూడకుండా బయటికి వచ్చేశాను.

ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు. వేడి మెదడుకి దెబ్బ కొట్టిందన్నారు. నడక తూలుతుంది. మాట ముద్దగా వస్తుంది. ఒక్కో పదం నోట్లో సర్దుకుని బయటికి రావడానికి చాలాసేపు పడుతుంది. కొంత తగ్గొచ్చు, మునుపటిలా అవుతుందని చెప్పలేమన్నారు.

సినిమా మాత్రం ఆగలేదు. మళ్ళీ తీయడానికి ఆవిడ చేసే స్థితిలో లేరు. డైరెక్టర్ నాలుగో సీన్ పూర్తిగా ఎత్తేసి, మూడో సీన్ నుంచి నేరుగా పడిపోవడానికి తెచ్చాడు. పడిపోవడం నిజంగా పడిపోయిందే. ఆ షాట్ వద్దని చెప్దామని ఎడిటింగ్ రూముకి వెళ్ళాను. "మేడం, ఇది చూసిన ఒక్కళ్ళు జాగ్రత్తపడినా చాలు కదా. ఇంత నిజంగా ఎవరు చేయగలరు?" అన్నాడతను. ఆ మాటలో నిజం లేకపోలేదు. అందుకే ఊరుకున్నాను, లేక ఊరుకోవడం తేలిక కాబట్టి ఊరుకున్నాను. ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

అక్కడితో అయిపోతే బాగుండేది. సినిమాలో చెమట ఆగిపోవడం గురించి నేను రాసిన వాక్యం ఉంది కదా, అది ఇక అతకలేదు. మొహం నిండా చెమటబొట్లు కనిపిస్తుంటే, చెమట ఆగిపోతే ప్రమాదం అని వెనకనుంచి ఎలా చెప్తాం? సంస్థవాళ్ళు నన్నే అడిగారు. "తీసేయండి, ఎలాగూ అందరికీ ఆగదు కదా," అన్నాను. డాక్టర్ల మాటనే అడ్డం పెట్టుకున్నాను. ఆ వాక్యం లేకుండానే సినిమా అన్ని దేశాలకూ వెళ్ళింది. అది వినాల్సిన మనిషి ఎక్కడో ఒకరు ఉండే ఉంటారు.

పిన్నిగారి పాత్రకి గొంతు నేనే ఇచ్చాను. ఇంకెవరినైనా పిలుద్దామన్నారు కానీ పెదాలకు అతికే మాట రాయాల్సింది నేనే, పాత్ర వయసూ నా గొంతుకి సరిపోతుంది. తెర మీద ఆవిడ "రథం ఇంకా రాలేదా, చీకటి పడుతోంది" అంటున్నారు. నేను "తల తిరుగుతోందమ్మా, చీకట్లు కమ్ముతున్నాయి" అని రాసుకున్నాను. పెదాలకు చక్కగా అతికింది. ఒక్క టేక్‌లో ఓకే అయింది. రికార్డింగ్ చేసినాయన అచ్చం ఆవిడ గొంతేనండీ అని మెచ్చుకున్నాడు.

జూబ్లీహిల్స్ ఆఫీసులో బయటి దేశాలవాళ్ళకి వేసి చూపించారు. లైట్లు వేశాక చప్పట్లు. వాళ్ళలో ఒకావిడ కళ్ళు తుడుచుకుని, ఆ నటిని ఎక్కడ వెతికి పట్టుకున్నారని అడిగారు. చాలా సీనియర్ ఆర్టిస్టు అన్నాడు డైరెక్టర్. నేను శాలువా కప్పుకుని కూర్చున్నాను.

పిన్నిగారు మాత్రం తను చేసిన సినిమా ఇంకా చూడలేదు. మొన్న కూతురు ఫోన్ చేసి, "అమ్మ ఒకటే అడుగుతోందండీ. ఎవరెవరో చూశారు, నాకు చూపించలేదంటోంది," అంది. లాప్‌టాప్ తీసుకుని వెంగళరావు నగర్ వెళ్ళాను. ఆవిడ మంచి చీర కట్టుకుని, పౌడర్ రాసుకుని సిద్ధంగా కూర్చుని ఉన్నారు. సినిమా మొదలయ్యాక కదల్లేదు. తన పాత్ర గొంతు వినపడగానే ఒకసారి నా వైపు చూసి తల ఊపారు. అది నాదని గుర్తుపట్టారు. పడిపోయే షాట్ దగ్గర ఆపమని చెయ్యి చూపించారు. ఆపాను. తెర నిండా ఆవిడ మొహం.

"ఇది... నిజం చెమట కాదు," అన్నారు మెల్లగా.

"కాదు పిన్నిగారూ."

"ఎవరు కొట్టారు?"

నోరు తెరిచాను. "మేకప్ ఆయన," అన్నాను.

అది అబద్ధం కాదు. అబద్ధం కాకుండా చూసుకుని చెప్పిన మాట, అందుకే ఇంకా నీచంగా ఉంది.

ఆవిడ తల ఊపారు. "ఆయనా అదే చెప్పాడు. ఆదివారం ఆదివారం వస్తాడు. వచ్చినప్పుడల్లా అదే మాట." ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ అందుకున్నారు. "ఎవరూ కొట్టమనలేదట. తనే చూసుకోకుండా కొట్టేశాడట. పోన్లే బాబూ అంటే... వినడు."

కూతురు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఉప్పు వేసి, నేను ఒకప్పుడు అందరికీ చెప్పినట్టే. తాగాను. అతనికి నా మీద ఏ మొహమాటమూ ఉండాల్సిన పని లేదు. ఇండస్ట్రీలో నేనంత పెద్దదాన్నీ కాదు. మరి ఎందుకు నన్ను దాచాడో అతన్ని అడగాలంటే ముందు అతని ఎదట నిలబడాలి. ఆసుపత్రి నుంచి ఇప్పటిదాకా అతను పనిచేసే సెట్ అని తెలిస్తే నేను వెళ్ళడం లేదు.

లాప్‌టాప్ సర్దుకుని లేచాను. పిన్నిగారు నా కొంగు పట్టుకుని ఆపారు. బయట ఎండ వైపు చూసి, చాలా కష్టపడి, ఒక్కో మాటా కూడబలుక్కుని అన్నారు.

"దూరం వెళ్ళాలి. బాత్రూమ్‌కి వెళ్ళి బయల్దేరమ్మాయ్. మనకి... దారిలో ఎక్కడా ఉండదు."

వెళ్ళాను. తలుపు వేసుకుని, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో "కొట్టమన్నది నేనే పిన్నిగారూ" అని ఒకసారి పైకి అని చూసుకున్నాను. బాగానే వచ్చింది. కుళాయి కట్టేసి, బయటికి వచ్చి, "వస్తాను పిన్నిగారూ," అన్నాను.